పక్షుల లెక్కకు శాస్త్ర గౌరవం తెచ్చిన సలీం అలీ

ఉక్కు నగరంగా ప్రసిద్ధి చెందిన భిలాయ్ పేరు వినగానే ఊదు కొలిమిలు, పొగ గొట్టాలు, దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చే ఇనుప ఖనిజం గుర్తుకు వస్తాయి. అయితే ఆ కొలిమిలను నడిపే నీరు తాందుల కాలువల నుంచి, మరోదా జలాశయం నుంచి వస్తుంది. 1959లో ఉత్పత్తి ప్రారంభించిన ఈ కర్మాగారంలో ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ చెరువులు, జలాశయాలు మూడు తరాలుగా పరిచయమే. చలికాలం ప్రవేశించగానే ఛత్తీస్‌గఢ్ మైదానంలోని ఈ నీటి పట్టులకు ఉత్తర దేశాల నుంచి బాతులు, ఉల్లంకి పిట్టలు చేరుకుంటాయి. ఒకప్పుడు దుర్గ్ జిల్లాలో భాగంగా ఉండి, ఇప్పుడు బేమేతరా జిల్లాలో ఉన్న గిధ్వా, పరసదా గ్రామాల చెరువుల వద్ద 2021 ఆరంభంలో రాష్ట్ర ప్రభుత్వం తొలి పక్షుల ఉత్సవాన్ని నిర్వహించింది.

అటువంటి చెరువు గట్టు మీద తెల్లవారుజామున బైనాక్యులర్ పట్టుకొని నడిచేవారి చేతిలో సాధారణంగా మరో రెండు వస్తువులు కనిపిస్తాయి. ఒకటి పక్షులను గుర్తించడానికి ఉపకరించే పుస్తకం. రెండవది చూసిన పక్షి పేరు, సంఖ్య, తేదీ, స్థలం రాసుకునే చిన్న నోటు పుస్తకం. ఈ రెండు అలవాట్లనూ భారతదేశంలో సామాన్యులకు చేరువ చేసిన వ్యక్తి సలీం అలీ. ఆయన జన్మదినమైన నవంబరు 12వ తేదీని దేశంలో పక్షి వీక్షణ దినంగా జరుపుకొంటున్నారు. తొంభై ఏళ్ల ఆయన జీవితంలో తెలుగు నేలకు, మధ్య భారతానికి కూడా చెప్పుకోదగిన స్థానం ఉంది.

పసుపు మచ్చ పిచ్చుక

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో, సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో కడగొట్టు బిడ్డగా జన్మించారు. ఏడాది నిండేసరికి తండ్రిని, మూడేళ్ల వయసులో తల్లిని కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను ఖేత్‌వాడీలోని తమ ఇంట పెంచి పెద్దచేశారు. స్వాతంత్ర్య సమరయోధుడు అబ్బాస్ తయాబ్జీ ఆయనకు మరో మేనమామ వరుస.

ఆ కాలంలో సంపన్న కుటుంబాల పిల్లలకు వేట ఒక వినోదం. మేనమామ ఇచ్చిన గాలి తుపాకితో బాలుడైన సలీం పిచ్చుకలను కొట్టేవాడు. ఒకనాడు అతడు కొట్టిన పిచ్చుక కంఠం మీద పసుపు రంగు మచ్చ కనిపించింది. అది ఊరపిచ్చుక కాదని అతడికి అనుమానం కలిగింది. అదేమిటో మేనమామకు కూడా తెలియలేదు. ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు కావడంతో, ఆ సంస్థ గౌరవ కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిల్లార్డ్‌కు పరిచయ లేఖ రాసి బాలుణ్ణి పంపారు.

మిల్లార్డ్ ఆ పిట్టను చూసి జాతిని గుర్తించడంతో సరిపుచ్చలేదు. సొసైటీ భద్రపరచిన పక్షి నమూనాల అరలను ఒక్కొక్కటిగా తెరిచి చూపించారు. చర్మం ఒలిచి, దూది కూరి, పేరు, తేదీ, సేకరించిన స్థలం రాసిన చీటీ కట్టి ఉంచిన వందలాది పిట్టలు ఆ అరలలో వరుసగా ఉన్నాయి. నమూనాలు భద్రపరిచే పద్ధతి నేర్పించే ఏర్పాటు చేసి, చదువుకోవడానికి పుస్తకాలు కూడా ఇచ్చారు. ఆనాటి నుంచి ఆ బాలుడి దృష్టిలో పక్షి వేట వస్తువు కాక, గుర్తించి నమోదు చేయవలసిన జీవిగా మారింది. దశాబ్దాల తరువాత, 1985లో వెలువరించిన స్వీయచరిత్రకు ఆయన పిచ్చుక నేలరాలడాన్ని సూచించే పేరు పెట్టడానికి కారణం ఇదే.

పట్టా లేని శాస్త్రవేత్త

చదువులో సలీం అలీ అంతగా రాణించలేదు. గణితం ఆయనకు కొరుకుడుపడలేదు. 1914లో కుటుంబ వ్యాపారాలు చూసుకోవడానికి బర్మాలోని తవోయ్‌కు వెళ్లారు. అక్కడ టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉండేవి. అడవుల్లో తిరిగి పక్షులను చూసినంత శ్రద్ధగా వ్యాపారం చూడలేకపోయారు. 1917లో బొంబాయికి తిరిగివచ్చి ఒకవైపు వాణిజ్య విద్య, మరోవైపు సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ ఎథెల్‌బర్ట్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం అభ్యసించారు. కాని విశ్వవిద్యాలయ పట్టా మాత్రం పొందలేదు. 1918 డిసెంబరులో తహ్మీనాతో ఆయన వివాహం జరిగింది.

పట్టా లేకపోవడం ఆయన జీవిత గమనాన్ని నిర్దేశించింది. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రయత్నించినా ఈ లోటు కారణంగానే అది దక్కలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు ప్రకృతి విభాగాన్ని వివరించే ఉద్యోగం లభించింది. రెండేళ్లకే ఆ పని మీద విసుగు కలిగి, 1928లో సెలవు పెట్టి జర్మనీకి వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ వద్ద శిక్షణ పొందారు. పక్షిని చంపి అరలో పెట్టడం కంటే, బతికి ఉన్న పక్షి నడవడిని పరిశీలించడం గొప్ప శాస్త్రమని చాటిన కొత్త తరం పండితులతో ఆయనకు అక్కడే పరిచయమైంది. హెలిగోలాండ్ దీవిలో వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వదలే పద్ధతిని కూడా చూశారు. స్ట్రెస్‌మాన్‌ను ఆయన జీవితాంతం గురువుగా భావించారు.

కిహిమ్ గిజిగాళ్లు

1930లో స్వదేశానికి చేరుకునేసరికి మ్యూజియంలో ఆయన ఉద్యోగం లేదు. నిధుల కొరత వల్ల ఆ పదవిని రద్దు చేశారు. భార్యాభర్తలు బొంబాయికి ఎదురుగా సముద్రతీరంలో ఉన్న కిహిమ్ గ్రామంలోని ఇంటికి మకాం మార్చారు. నిరుద్యోగం తెచ్చిపెట్టిన ఆ తీరిక భారతీయ పక్షి శాస్త్రానికి మేలు చేసింది. ఆ ఇంటి సమీపంలోని చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. సలీం అలీ నిచ్చెన ఎక్కి కూర్చొని, ఆ గూళ్లను రోజుల తరబడి గమనించారు.

మగ గిజిగాడు గూటిని సగం అల్లి ఆపుతుందని, ఆడపక్షి వచ్చి పరీక్షించి నచ్చితే అందులో స్థిరపడుతుందని, ఆపైనే మగపక్షి గూటిని పూర్తిచేస్తుందని ఆయన నమోదు చేశారు. మొదటి గూట్లో గుడ్లు పడగానే మగపక్షి మరో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని ఆకర్షిస్తుందని కూడా తేల్చారు. తెలుగు పల్లెల్లో ఈతచెట్లకు, తాటిచెట్లకు వేలాడే గిజిగాడి గూళ్లను చూడనివారు అరుదు. అనాదిగా అందరి కళ్లెదుటే సాగుతున్న ఆ సంసారాన్ని వరుస తప్పకుండా చూసి, రాసిపెట్టి అర్థం చెప్పడమే సలీం అలీ చేసిన పని. ఈ పరిశీలన ఆయనకు శాస్త్రలోకంలో గుర్తింపు తెచ్చింది.

హైదరాబాద్ సంస్థానంలో

ఉద్యోగం లేని సలీం అలీ ఒక మార్గం ఆలోచించారు. బ్రిటిష్ పాలిత ప్రాంతాలతో పోలిస్తే సంస్థానాల్లోని పక్షుల గురించి సమాచారం చాలా తక్కువగా ఉండేది. తనకు జీతం అక్కరలేదని, విడిది, ప్రయాణ ఖర్చులు భరిస్తే చాలునని, సర్వే చేసి నివేదిక ఇస్తానని ఆయన ప్రతిపాదించారు. దీనికి మొదటగా అంగీకరించిన సంస్థానాల్లో నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ ఒకటి. 1931–32లో తహ్మీనాతో కలిసి ఎడ్లబండ్లు, గుడారాలు, నమూనాలు భద్రపరిచే సహాయకులతో సంస్థానమంతటా పర్యటించారు. నేటి తెలంగాణతో పాటు మరాఠ్వాడా, ఉత్తర కర్ణాటక ప్రాంతాలు కూడా ఆనాటి హైదరాబాద్ రాజ్యంలో భాగమే. ఆ సర్వే ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడ్డాయి. తెలంగాణ పక్షుల గురించి నేడు పరిశోధించేవారు తొంభై ఏళ్ల నాటి స్థితితో పోల్చి చూడాలంటే ఆ నివేదికనే ఆశ్రయించాలి.

ఆ నివేదికకు శాస్త్రీయ వ్యాఖ్యలు సమకూర్చినవారు హ్యూ విస్లర్. పంజాబ్ పోలీసు శాఖలో పనిచేసిన ఆ ఆంగ్లేయుడు భారతీయ పక్షుల మీద ఆనాటికి ప్రామాణికుడు. వారి స్నేహం ఒక వివాదంతో మొదలు కావడం విశేషం. తోక చివర రెండు పొడవైన ఈకలు వేలాడే ఏట్రింత జాతి పక్షి ఒకటి ఉంది. ఆ ఈకల కొసన ఉండే తెడ్డు వంటి భాగానికి లోపలి అంచున కేశాలు ఉండవని 1929లో విస్లర్ రాశారు. ఈక కాడ మెలి తిరిగి ఉండటాన్ని గమనించకపోవడం వల్ల పాత పుస్తకాల్లోని పొరపాటు తరతరాలుగా కొనసాగుతోందని సలీం అలీ ఎత్తిచూపారు. ఎవరో తెలియని భారతీయుడు తన రాతలో తప్పు పట్టడం విస్లర్‌కు కష్టం కలిగించింది. సొసైటీ సంపాదకులకు ఆయన ఘాటుగా లేఖలు రాశారు. అయితే ఆ తరువాత తన వద్ద ఉన్న నమూనాలను మరోసారి పరీక్షించి పొరపాటును అంగీకరించారు. సలీం అలీకి సన్నిహిత మిత్రులయ్యారు.

ఇదే విస్లర్ మరో శాస్త్రవేత్త కిన్నియర్‌తో కలిసి, తూర్పు కనుమల సర్వే ఆధారంగా 1933లో మధ్య భారతపు కొండ మైనాను ప్రత్యేక ఉపజాతిగా వర్ణించారు. బస్తర్ అడవుల్లో జీవించే ఆ మైనాయే నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి.

హైదరాబాద్ తరువాత తిరువాన్కూరు, కొచ్చి, మధ్య భారత సంస్థానాలు, మైసూరు, కచ్ఛ్, గుజరాత్‌లలో సలీం అలీ సర్వేలు సాగాయి. అఫ్గానిస్థాన్‌కు, కైలాస మానస సరోవర ప్రాంతానికి కూడా వెళ్లారు. కచ్ఛ్ ఉప్పు ఎడారి నడుమ రాజహంసలు వేల సంఖ్యలో మట్టి గూళ్లు కట్టి పిల్లలను పెంచే చోటును పరిశీలించి నమోదు చేశారు. గుర్రం, ఒంటె, ఎడ్లబండి, కాలినడక, ఏది దొరికితే అదే ఆయన వాహనం. మోటారు సైకిళ్లంటే ప్రత్యేకమైన మక్కువ. 1950లో స్వీడన్‌లోని ఉప్సలాలో జరిగిన అంతర్జాతీయ పక్షి శాస్త్ర మహాసభకు తన మోటారు సైకిల్‌ను వెంట తీసుకువెళ్లారు.

పుస్తకం, ఆకాశవాణి

ఈ సర్వేలన్నింటిలో తోడుగా నిలిచిన తహ్మీనా 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం రక్తం విషతుల్యమై మరణించారు. ఇంగ్లండులో చదువుకున్న ఆమె సాహిత్యాభిరుచి భర్త వచన శైలిని తీర్చిదిద్దింది. పట్టణ సౌకర్యాలను వదులుకొని గుడారాల జీవితాన్ని ఆమె ఇష్టంగా స్వీకరించారు. వారికి సంతానం లేదు. ఆమె మరణానంతరం సలీం అలీ తన సోదరి కమ్మూ, బావ హసన్ అలీల ఇంట నివసించారు. మరల వివాహం చేసుకోలేదు. మిగిలిన నలభై ఎనిమిదేళ్ల జీవితం పూర్తిగా పక్షులకే అంకితమైంది.

1941లో ఆయన రచించిన భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది. అంతకుముందు పక్షుల గ్రంథాలు బరువైన సంపుటాలుగా, పండితులకు మాత్రమే అర్థమయ్యే రీతిలో ఉండేవి. ఈ పుస్తకం చేత పట్టుకొని పొలం గట్టు మీద నడవడానికి వీలైనది. ప్రతి పక్షికీ రంగుల బొమ్మ, పరిమాణం తెలియడానికి అందరికీ తెలిసిన పిచ్చుక, మైనా, కాకి వంటి వాటితో పోలిక, ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది, గూడు ఎలా కడుతుంది అనే వివరాలు క్లుప్తంగా ఉంటాయి. జవహర్‌లాల్ నెహ్రూ ఈ పుస్తకాన్ని తన కుమార్తె ఇందిరకు బహూకరించారు. ప్రధానమంత్రి అయిన తరువాత ఇందిరాగాంధీ వన్యప్రాణుల విషయంలో చూపిన ఆసక్తికి బీజం అక్కడే పడింది.

పుస్తకం కొనలేనివారికి ఆయన మాట రేడియో ద్వారా చేరింది. 1940ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు ఆకాశవాణిలో ఆయన ఆంగ్ల ప్రసంగాలు ప్రసారమయ్యాయి. పక్షుల వలస, వాటి కూతలు, రైతుకు వాటి వల్ల కలిగే మేలు, అంతరించిపోయే ప్రమాదం వంటి అంశాలను శ్రోతకు విసుగు కలగని రీతిలో వివరించారు. చిత్రం చూపే అవకాశం లేని మాధ్యమంలో మాటతోనే పక్షిని కళ్లకు కట్టడం ఆయనకు అలవడింది. ఆ ప్రసంగాలు ఆయన మరణించిన మూడు దశాబ్దాల తరువాత గ్రంథరూపం దాల్చాయి.

భరత్‌పుర్ పాఠం

సలీం అలీ జీవితంలో అతి పెద్ద విజయం, అతి చిక్కని ప్రశ్న రెండూ ఒకే చోట ఉన్నాయి. అది రాజస్థాన్‌లోని భరత్‌పుర్ చిత్తడి నేల. సుమారు 29 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతం భరత్‌పుర్ మహారాజుల బాతుల వేటకు ప్రసిద్ధి. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చి చంపినట్లు అక్కడి శిలాఫలకం చెబుతుంది. యాదృచ్ఛికంగా అది సలీం అలీ నలభై రెండవ పుట్టినరోజు.

స్వాతంత్ర్యానంతరం ఆ నేలకు మరో రకమైన ముప్పు వచ్చింది. రాజుల వేట కోసం అంత నీటిని, అంత భూమిని ఎందుకు ఉంచాలని చుట్టుపక్కల రైతులు ప్రశ్నించారు. నీరు తోడివేసి సాగుకు పంచాలని కోరారు. భూమి లేని పేదల దృష్టిలో అది న్యాయమైన కోరికే. సలీం అలీ ప్రధాని నెహ్రూకు పరిస్థితి వివరించి, ఆ చిత్తడి నేలను కాపాడవలసిన అవసరాన్ని నొక్కిచెప్పారు. ఫలితంగా 1956లో అది పక్షుల అభయారణ్యంగా మారింది. 1981లో ఒడిశాలోని చిలికా సరస్సుతో పాటు దేశంలోని తొలి రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన తరువాత 1982లో అక్కడ పశువుల మేతను నిషేధించారు. తరతరాలుగా గేదెలను తోలుకువెళ్లే గ్రామస్థులకు ప్రత్యామ్నాయం చూపకుండానే ఆ నిర్ణయం అమలైంది. ఘర్షణలు చెలరేగి, పోలీసు కాల్పుల్లో కొందరు గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. పశువుల మేత పక్షులకు హాని చేస్తుందన్నది ఆనాటి సంరక్షణవాదుల సాధారణ అభిప్రాయం. సలీం అలీ, ఆయన సంస్థ కూడా నిషేధాన్నే సమర్థించారు.

అయితే 1980లో అదే సంస్థ భరత్‌పుర్‌లో దీర్ఘకాలిక పరిశోధన ప్రారంభించింది. పదేళ్ల పాటు నీటి మట్టం, గడ్డి జాతులు, చేపలు, పక్షుల సంఖ్య క్రమం తప్పకుండా నమోదయ్యాయి. మేత ఆగిపోయాక ఒక జాతి నీటిగడ్డి విపరీతంగా పెరిగి, నీటి ఉపరితలాన్ని కప్పివేసిందని ఆ లెక్కలు చూపించాయి. బాతులకు విప్పారిన నీరు తగ్గింది. దుంపలు, చేపలు దొరకడం కష్టమైంది. గేదెలు గడ్డిని అదుపులో ఉంచుతూ ఆ చిత్తడి నేలకు మేలే చేస్తున్నాయని తేలింది. ఈ నిర్ధారణ పూర్తి రూపంలో వెలువడే నాటికి సలీం అలీ జీవించి లేరు. కాని ఆ లెక్క తీసినవారు ఆయన పెంచిన సంస్థవారు, ఆయన నేర్పిన పద్ధతిలో తీసినవారు. వ్యక్తి ఎంత పెద్దవాడైనా, అభిప్రాయం కంటే పరిశీలనకే అధిక విలువ ఇవ్వాలన్న సూత్రం విస్లర్ విషయంలో ఎలా నిలబడిందో, సలీం అలీ విషయంలోనూ అలాగే నిలబడింది. ఆ కాల్పుల్లో పోయిన ప్రాణాలను మాత్రం ఏ నివేదికా తిరిగి తేలేదు.

కాలి ఉంగరం చెప్పే కథ

చలికాలంలో వచ్చే పక్షులు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎక్కడికి వెళ్తున్నాయి అన్న ప్రశ్నకు సమాధానం రాబట్టడానికి ఉంగరాల పద్ధతిని సలీం అలీ విస్తృతంగా అమలుచేయించారు. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవుల్లో కోతుల ద్వారా బయటపడిన జ్వరం మనుషులకూ సోకింది. వలస పక్షుల శరీరం మీది పిడుదులు ఇటువంటి వ్యాధులను మోసుకువస్తున్నాయా అన్న అనుమానం తలెత్తింది. ఈ నేపథ్యంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయంతో 1959లో వలసల అధ్యయనం ప్రారంభమైంది. పక్షులను గాయపడకుండా పట్టడంలో బీహార్‌కు చెందిన మీర్‌షికారీలనే సంప్రదాయ వేటగాళ్లను మించినవారు లేరని గుర్తించి, వారిని ఈ పనిలో నియమించారు. భరత్‌పుర్‌లో ఉంగరం తొడిగిన బాతులు సైబీరియా వంటి సుదూర ప్రాంతాల్లో తిరిగి దొరకడంతో వలస మార్గాలు ఒక్కొక్కటిగా తెలిశాయి. ఈ పరిశోధనలకు అమెరికా సైనిక విభాగం నుంచి కూడా నిధులు అందడం 1970లలో పార్లమెంటరీ సంఘం విమర్శకు గురైంది. పరిశోధన ఉద్దేశం పూర్తిగా శాస్త్రీయమేనని సలీం అలీ తుదివరకూ వాదించారు.

అమెరికన్ శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి ఆయన రూపొందించిన భారత, పాకిస్థాన్ పక్షుల సమగ్ర గ్రంథం 1968 నుంచి 1974 వరకు పది సంపుటాలుగా వెలువడింది. ఉపఖండంలోని ప్రతి పక్షి జాతి గురించి అప్పటివరకూ తెలిసినదంతా అందులో క్రోడీకరించారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. 1967లో బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్తల సంఘం బంగారు పతకం అందుకున్న తొలి బ్రిటిషేతరుడు ఆయనే. అంతర్జాతీయ గెట్టీ వన్యప్రాణి సంరక్షణ బహుమతిగా వచ్చిన 50,000 డాలర్లను ప్రకృతి సంరక్షణ నిధికి కేటాయించారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవులను జలవిద్యుత్ పథకం నుంచి కాపాడాలన్న ఉద్యమానికి కూడా ఆయన అండ లభించింది.

బట్టమేకపిట్ట, కలివికోడి

జాతీయ పక్షిగా దేనిని ఎంచుకోవాలన్న చర్చ వచ్చినప్పుడు సలీం అలీ బట్టమేకపిట్టను సూచించారు. గడ్డిమైదానాల్లో నివసించే ఈ భారీ పక్షి భారతదేశానికి ప్రత్యేకమైనదని, దానికి ఆ హోదా ఇస్తే రక్షణ లభిస్తుందని ఆయన భావించారు. అందరికీ పరిచితమైన నెమలికి 1963లో ఆ గౌరవం దక్కింది. బట్టమేకపిట్ట కోసం 1988లో నాటి కర్నూలు జిల్లా రోళ్లపాడు వద్ద అభయారణ్యం ఏర్పాటైంది. ఇటీవలి కాలంలో అక్కడ ఆ పక్షి కనిపించడమే గగనమైంది. బీడుగా పరిగణించిన గడ్డినేలకు ఉన్న విలువను గుర్తించడంలో జరిగిన ఆలస్యానికి ఇది నిదర్శనం.

తెలుగు నేల నుంచి ఆయనకు ఒక శుభవార్త మాత్రం జీవిత చరమాంకంలో అందింది. నెల్లూరులో సైనిక వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పేరు మీద శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి 1900 తరువాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే చాలామంది నిశ్చయించుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలోని రెడ్డిపల్లె సమీపంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాని ఉనికిని నిరూపించారు. కలివి పొదల్లో రాత్రివేళ సంచరించే ఆ పిట్టను పట్టి చూపించినవాడు స్థానిక వేటగాడు. ఎనభై ఆరేళ్లుగా పుస్తకాలు లేదని చెప్పిన పక్షి, ఆ పొదల మధ్య బతికినవారి ఎరుకలో ఉండనే ఉంది. అప్పటికి సలీం అలీ వయసు 89 ఏళ్లు. 1988లో ఆ ప్రాంతం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమైంది. తరువాతి కాలంలో తెలుగుగంగ కాలువ మార్గాన్ని సైతం ఈ పిట్ట కోసం మార్చవలసి వచ్చింది.

చెరువు గట్టు మీది శాస్త్రం

దీర్ఘకాలంగా క్యాన్సర్‌తో పోరాడిన సలీం అలీ 1987లో, తొంభై ఏళ్ల వయసులో బొంబాయిలో కన్నుమూశారు. ఆయన పేరుతో 1990లో కోయంబత్తూరులో పక్షి శాస్త్ర, ప్రకృతి పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఒక గబ్బిలానికి, కొన్ని పక్షి ఉపజాతులకు, గోవాలోని ఒక అభయారణ్యానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన జీవితం లేవనెత్తిన ప్రశ్నలు మాత్రం నేటికీ తాజాగానే ఉన్నాయి. కొల్లేరులో చేపల చెరువులకు, గూడబాతులకు మధ్య వివాదం ఇంకా తెగలేదు. మరోపక్క గుంటూరు సమీపంలోని ఉప్పలపాడు గ్రామస్థులు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వాసులు తమ ఊరి పక్షులను తామే కాపాడుకుంటున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో గిధ్వా, పరసదా చెరువులు సాగునీటి కోసం తవ్వినవి. రైతు, జాలరి, పశువుల కాపరి, వలస బాతు అందరూ ఆ నీటిని పంచుకుంటున్నారు. ఎవరికి ఎంత నీరు, ఏ నెలలో ఎంత మేత అన్నది నిర్ణయించాలంటే అక్కడ ఏమి జరుగుతున్నదో ముందుగా ఎవరో ఒకరు ఏటేటా లెక్కించి ఉండాలి. లెక్క లేనిచోట నిషేధమైనా, అనుమతి అయినా ఊహ మీద ఆధారపడుతుంది. ఆ ఊహకు మూల్యం ఎంతో భరత్‌పుర్ చూపించింది.

సలీం అలీ మరణించిన 1987లోనే ఆసియా నీటి పక్షుల గణన మొదలైంది. ప్రతి జనవరిలో విద్యార్థులు, ఉద్యోగులు, విశ్రాంత కార్మికులు, గృహిణులు తమకు దగ్గరలోని చెరువు వద్దకు వెళ్లి, కనిపించిన నీటి పక్షులను జాతుల వారీగా లెక్కపెట్టి పంపుతారు. ఇందులో పాల్గొనడానికి విశ్వవిద్యాలయ పట్టా అవసరం లేదు. ఓపిక, నిజాయితీ, నోటు పుస్తకం ఉంటే చాలు. పట్టా లేకుండానే శాస్త్రవేత్తగా ఎదిగిన సలీం అలీకి ఇంతకు మించిన స్మారకం మరొకటి ఉండదు.